గడ్డి తడిగా లేదు

మాసిలన్, ఒహాయో
ఆగస్టు 12, 1986

టొలీడో పత్రికలో ఆటల పేజీ రాసే హార్లన్ ప్రూయిట్ గారికి,

శనివారం మీ ఊళ్ళో ఫెర్రీమెన్ జట్టుకీ వీలింగ్ జట్టుకీ జరిగిన ఫుట్‌బాల్ ఆట చూశాను. సీజను మొదలయ్యేలోపు కొత్త కుర్రాళ్ళను పరీక్షించే ఆటే అయినా, నెలాఖరుకు ఎవరిని ఉంచుకుంటారో, ఎవరిని ఇంటికి పంపుతారో తేలేది ఇలాంటి ఆటల్లోనే కదా.

సోమవారం మీరు ఆటగాళ్ళకు గ్రేడులు వేశారు. ఫెర్రీమెన్ 64వ నంబరు డెల్మర్ హాస్కిన్స్‌కు డి. "బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడాల్సినవాడు తడి గడ్డి మీద జారి వెల్లకిలా పడ్డాడు" అని రాశారు.

గడ్డి తడిగా లేదు. నేను కింది వరసలోనే కూర్చున్నాను. ఆ పొద్దున్నే సెలూనుకు వెళ్ళి జుట్టు సెట్ చేయించుకున్నాను. ఒక్క చినుకు పడినా నాకు తెలిసేది.

నేనొక ఆటగాడి తల్లిని. పత్రికలకు రాసి పరువు తీయొద్దని మా వాడు మొత్తుకుంటాడు కాబట్టి వాడి పేరు రాయను. ఆ పడడం ఎలా జరిగిందో మళ్ళీ చూసి, ఉన్నదున్నట్టు రాయండి.

ఇట్లు,
రోవీనా జెలెంకా

తా.క. మా ఆయన ఎమిల్ "నీకు ఆట ఏం తెలుసని రాస్తావే" అన్నాడు. ఆట తెలియకపోవచ్చు, మా వాడు తెలుసు అన్నాను.


టొలీడో
ఆగస్టు 16

గౌరవనీయులైన జెలెంకా గారికి,

మీ ఉత్తరం చదివి మనసు కరిగిపోయింది. మీరు అబ్బాయి పేరు రాయకపోయినా, అతనెవరో నాకు వెంటనే తెలిసిపోయింది.

టేపు మళ్ళీ వేసి చూశాను. మీ మాట నిజం, వాన లేదు. బూట్ల అడుగు మేకులు అరిగిపోయి జారి ఉంటాడు. పాపం, బూట్లు ఇచ్చేది జట్టువాళ్ళు. అందుకని రేపటి పత్రికలో 64కు సి చేస్తున్నాను. మీ మనసు కుదుటపడుతుందని నమ్ముతూ,

మీ,
హార్లన్ ప్రూయిట్

తా.క. ఎమిల్ గారు మీ రెండో భర్త అనుకుంటాను. అబ్బాయిని సొంత బిడ్డలా చూసుకుంటున్నారని ఆశిస్తాను.


మాసిలన్
ఆగస్టు 19

ప్రూయిట్ గారికి,

మా వాడెవరో తెలిసి కూడా ఇలా రాశారా? మొదట గడ్డి అన్నారు, ఇప్పుడు బూట్లు అంటున్నారు. ఆ మైదానంలో మనుషులు కూడా ఉన్నారండీ. సి ఎవరు అడిగారు మిమ్మల్ని? సి చూసి నాకు రెండు రాత్రులు నిద్ర లేదు. డి ఇచ్చినప్పుడే కాస్త నయంగా ఉంది.

వచ్చే మంగళవారం జట్ల పేర్లు తేలుస్తారు. దయచేసి కళ్ళద్దాలు తుడుచుకుని ఇంకోసారి చూడండి.

ఇట్లు,
రోవీనా జెలెంకా

తా.క. నేను చేసుకున్నది ఒక్కటే పెళ్ళి. మీ ఉత్తరం చదివినప్పటి నుంచి ఎమిల్ నన్ను అదోలా చూస్తున్నాడు. భోజనం దగ్గర "మొదటాయన ఎవరు" అని కూడా అడిగాడు.


టొలీడో
ఆగస్టు 23

అమ్మా,

పట్టుదలంటే మీదే. సి మీకు అవమానంగా తోచిందని అర్థమైంది. నాలుగోసారి చూస్తే, స్టేడియం దీపాలు సూటిగా కుర్రాడి కళ్ళలో పడినట్టు అనిపించింది. పైగా పడ్డాక లేచి, ఆట ముగిసేదాకా తన చోటు వదలకుండా నిలబడ్డాడు. అది నేను ముందు గమనించలేదు, తప్పు నాదే. 64కు బి. రేపు ఆదివారం పత్రికలో, ఫొటోతో సహా.

మీ,
హార్లన్ ప్రూయిట్

తా.క. ఇక 'ఏ' గ్రేడు మాత్రం అడగకండి. మా ఎడిటరు నన్ను ఇంటికి పంపేస్తాడు.


మాసిలన్
ఆగస్టు 28

ప్రూయిట్ గారికి,

మీరు నన్ను ఎవరనుకున్నారో బి చూశాక గానీ నాకు వెలగలేదు. ఇంటిపేరు కలవలేదని నాకు రెండో పెళ్ళి అంటగట్టారు గానీ, నేను డెల్మర్ తల్లిని కాను. వీలింగ్ జట్టు 91వ నంబరు స్టాన్లీ జెలెంకా నా కొడుకు.

డెల్మర్ జారలేదు. మా స్టాన్ పడేశాడు. రెండు చేతులూ అతని రొమ్ముకు ఆనించి, వెనక్కి నెట్టుకుంటూ వెళ్ళి, నేలకు వేసి, పైనుంచి దాటిపోయి మీ క్వార్టర్‌బ్యాక్‌ను కూడా కూలేశాడు. నా కొడుకు అంత పని చేస్తే ఆ గొప్పంతా మీరు గడ్డికీ, బూట్లకీ, దీపాలకీ కట్టబెట్టారు. మీరు 64 గ్రేడు పెంచిన ప్రతిసారీ మా వాడి గొప్ప అంతంత తగ్గిపోయినట్టయింది నాకు.

మొన్న మంగళవారం వీలింగ్ కోచ్ ఆ టేపునే జట్టంతటికీ వేసి చూపించి, మా వాణ్ణి ఉంచుకున్నాడు. స్టాన్ ఫోన్ చేసి "అమ్మా, జట్టులో ఉన్నానే" అన్నాడు. ఎమిల్ ఏదో పనున్నట్టు గ్యారేజీలోకి వెళ్ళి చాలాసేపటిదాకా రాలేదు.

తప్పు దిద్ది పత్రికలో వేయండని అడగడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. మధ్యలో డెల్మర్ తల్లి వర్నా ఫోన్ చేసింది. ఆ రోజు స్టేడియం బయట కార్ల దగ్గర సాసేజీలు కాల్చుకుంటూ స్నేహితులమయ్యాం. డెల్మర్‌ను పంపేశారట. "అయినా చూశావా రోవీనా, పత్రికాయన మా వాడికి బి ఇచ్చాడు. ఫ్రిజ్ తలుపుకు అంటించాను. వాడు పాలసీసా తీసినప్పుడల్లా చదువుకుంటున్నాడు" అంది. ఇంకో జట్టు పిలుస్తుందేమోనని చూస్తున్నారు.

కాబట్టి ఆ బి ముట్టుకోకండి. పడి లేచి, ఆట అయ్యేదాకా మళ్ళీ మా స్టాన్ ఎదుటే నిలబడ్డాడు ఆ కుర్రాడు. మా వాడి ఎదుట నిలబడ్డవాడికి నన్నడిగితే బి తక్కువే.

ఇట్లు,
91వ నంబరు తల్లి

తా.క. పత్రికలో వద్దు గానీ, "జారలేదు, పడేశాడు" అని మీ చేత్తో ఒక కార్డు ముక్క రాసి పంపండి. మాకూ ఫ్రిజ్ ఉంది.