రొయ్యల కోర్సు మంజూరైంది

సత్యం మాస్టారూ,

మనం అడిగిన రొయ్యల పెంపకం డిగ్రీ కోర్సుకి ఈరోజు యూనివర్సిటీ అనుమతి వచ్చింది. మీరుంటే స్టాఫందరికీ కాజాలు పంచేవారు.

అల్లవరం చెరువు గట్ల మీద తిరిగి, రైతుల్ని అడిగి, మనిద్దరం సిలబస్ రాశాం. మొదటిసారి యూనివర్సిటీ దాన్ని తిప్పి పంపినప్పుడు స్టాఫ్ రూములో ఏడ్చాను. "ఊరుకోండమ్మా, యూనివర్సిటీ కోర్సుల బోర్డులో నేనున్నాను కదండీ, మళ్ళీ పెడదాం" అన్నారు మీరు. నమ్మాను. మీరు పోయాక రెండేళ్ళు ఒక్కదాన్నే ఆ కాగితాలు పట్టుకుని తిరిగాను.

అనుమతి వచ్చిందని మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారు అప్పట్లో యూనివర్సిటీ తిప్పి పంపిన పాత ఫైలు కూడా నాకిచ్చారు. అందులో ఆ బోర్డుకి మీరు రాసిన ఉత్తరం ఉంది. "ఈ కోర్సు చెప్పగల సమర్థులు మా కాలేజీలో లేరు." మీ గుండ్రటి అక్షరాలే. ఆ కోర్సు చెప్పాల్సినదాన్ని నేనొక్కదాన్నే కదండీ. ఎందుకలా రాశారో అడుగుదామంటే మీరు లేరు.

ప్రిన్సిపాల్ గారు ఆ ఉత్తరం చూడలేదు. "కొత్త ల్యాబుకి మాస్టారి పేరు పెడదామండీ. మిమ్మల్ని ఇంతవారిని చేసింది ఆయనే కదా?" అన్నారు.

"వద్దండీ" అన్నాను. కారణం చెప్పలేదు.

ఆయన నన్ను విశ్వాసం లేని మనిషిని చూసినట్టు చూశారు.