టిక్కెట్టు లేని పురుగులు

తిరుపతి,
26-10-2003, ఆదివారం.

శ్రీవారికి నమస్కారాలతో పంకజాక్షి రాసేది. ఇక్కడ అత్తమ్మా, నేనూ, చేపల తొట్టిలో మిగిలినవీ క్షేమం. ఓడ మీద మీరూ, మీతోటి ఫిట్టర్లూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. కొలంబోలో మీరు వేసిన ఉత్తరం మొన్న మంగళవారం అందింది. ఈ సంగతులన్నీ ఫోనులో ఎందుకు చెప్పలేదని అడక్కండి. ఫోను హాల్లో ఉంది, దాని పక్కనే అత్తమ్మ కుర్చీ ఉంది.

ముందు మీరడిగినవాటికి జవాబులు. అత్తమ్మ మోకాలికి ఆ నూనె పనిచేయడం లేదు, వాసన మాత్రం ఇల్లంతా పట్టింది. తొట్టిలో ఆవిరైపోయినంత మేరకు మంచినీళ్ళు పోస్తూనే ఉన్నాను, ఉప్పు కొలిచే గొట్టం మీరు గీసిన ఎర్రగీత దగ్గరే తేలుతోంది. కరెంటు పోతే గాలి మోటారు బ్యాటరీ మీద నడుస్తోంది. దీపావళికి చేపలు బెదురుతాయని మనింట్లో టపాకాయలు కాల్చలేదు, వీధిలోవాళ్ళు ఊరుకుంటారా! నేను వేళకు తింటున్నానా అని అడిగారు. తింటున్నాను. ఆ మాట చదివినప్పుడే ఏడుపొచ్చింది.

ఇక పురుగుల సంగతి. మీరు మద్రాసులో కొని, తడిగోనెలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన సముద్రపు రాళ్ళలో టిక్కెట్టు లేకుండా ఎక్కివచ్చినవాటి సంగతి. మీరు రాసినట్టే చేశాను. వాటికి వెలుతురు గిట్టదు కదా, పట్టపగలే తొట్టి మీద దుప్పటి కప్పి, టార్చికి ఎర్ర గ్లాసు పేపరు చుట్టి, నేనూ దుప్పట్లోకి దూరాను. అత్తమ్మ చూసి, "ఏమ్మే, ఆవిరి పట్టుకుంటా ఉండావా?" అనింది.

స్వామి కోసం నీచు మానేసే పెరటాశి నెల వెళ్ళిపోయింది గనుక రొయ్య ముక్క దారానికి కట్టి వదిలాను. పది నిమిషాలకు రాతి బొక్కల్లోంచి ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. వేలంత పొడవు, లేత గులాబీ రంగు, రెండు పక్కలా తెల్లటి నూగు కుచ్చులు. తల మీద అయిదు మీసాలూ, కత్తెరలాంటి దవడలూ ఉంటే అదే మన చేపను చంపిన హంతకుడన్నారే, అలాంటిది ఒక్కటీ లేదు. మూడు రోజులు వరుసగా చూశాను. పగడాలను కొరికే ఎర్ర కుచ్చుల రకమూ కాదు. ఒకదాన్ని ముట్టుకుంటే వేలికి బొమ్మజెముడు నూగులా గుచ్చుకుంది, ప్లాస్టరు అంటించి పీకేశాను. క్లౌన్ చేప తోక పక్కనుంచే పోయాయి కానీ దాని జోలికి పోలేదు. రొయ్య ముక్క తిని, అడుగున పడిన చెత్త తిని, వచ్చిన దారినే బొక్కల్లోకి పోయాయి. ఈ కాగితం వెనక బొమ్మ గీశాను, చూడండి. మీ ఉత్తరంలో రెండో రకం, "చెత్త ఎత్తేవి, చచ్చినవాటినే తింటాయి, వీటివల్ల భయం లేదు" అని రాశారే, అవే ఇవి.

ఈ నాలుగు ముక్కలు రాయడానికి మూడుసార్లు లేచాను. ఒకసారి పొయ్యి ఆర్పానా లేదా అని, రెండుసార్లు ఊరికే. పదిహేను రోజులుగా కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఇంక చెప్పేస్తాను.

ఆగస్టులో మీ ఓడ తుఫానులో చిక్కుకుందని ఏజెంటు చెప్పి తొమ్మిది రోజులు మీ కబురే లేకుండా పోయింది కదా. అప్పుడు మొక్కుకున్నాను. స్వామీ, ఆయన గొంతు వినిపిస్తే ఈ పెరటాశి అంతా నా గడపలోకి నీచు రానివ్వను అని. పదో రోజు మీరు ఫోను చేశారు. అత్తమ్మకు కూడా చెప్పలేదు, మొక్కు బయటికి చెబితే ఫలం పోతుందంటారని.

పెరటాశి ఒకటో తేదీన ఫ్రిజ్‌లోని రొయ్యల ప్యాకెట్టు పెంపుడు చేపలమ్మే మునికృష్ణ అంగడిలో ఇచ్చేశాను, అతని చేపలకు వేసుకోమని. ఎండు మేత డబ్బా చదివి చూస్తే అందులోనూ చేపల పొడి ఉంది. అదీ ఇచ్చేశాను. "మరి వీటికేం పెడతావక్కా?" అని అడిగాడు. "వేరే మేత ఉండాదిలే" అన్నాను. పాలకూర ఉడికించి వేశాను, పెసరపప్పు మెత్తగా చేసి వేశాను. క్లౌన్ చేపలు రెండూ ఏదో ముక్కుతో పొడుచుకుని బతికాయి. మీ పొడుగు ముక్కు పసుపు చేప మాత్రం ముట్టలేదు.

నేను దగ్గరికి వెళితే చాలు, పైకి వచ్చి, రొయ్య అందించే నా వేళ్ళ కోసం చూసేది. పాలకూరను ముక్కుతో ఒకసారి తాకి వెనక్కి పోయేది. మూడో వారానికి దాని వీపు కత్తి అంచులా సన్నబడిపోయింది. నాకు తెలుసు. తెలియక చేసిన తప్పు కాదు. రోజుకొకసారి మునికృష్ణ అంగడికి పోదామని చెప్పులు వేసుకోవడం, గడప దగ్గర ఆగిపోవడం. మొక్కు తప్పితే మీకేమవుతుందోనని భయం. దాని ఆకలి కంటికి కనిపిస్తోంది, మీ ఓడ కనిపించడం లేదు. ఎటు తేల్చుకోమంటారు?

నాలుగో శనివారం తళిగ వేసి, స్వామికి నైవేద్యం పెట్టి, పిండి దీపం వెలిగించి, గోవిందలు చెప్పి లేచి చూస్తే అది రాయి వెనక పడి ఉంది. దాని మీద డజను పురుగులు. కెవ్వుమన్నాను. ఆ తర్వాతి మంగళవారం చేప పోయిందని, దాని మీద పురుగులున్నాయని చెబితే మీరు ఫోనులో, "పురుగులే తిన్నాయా?" అని అడిగారు. "ఊఁ" అన్నాను. ఒక్క ఊఁ. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, నా తప్పు నోరులేనివాటి నెత్తిన రుద్దాను.

ఈ పొద్దున, అవి ఏ రకమో నా జవాబు మీకు చేరకముందే, మునికృష్ణ రెండు ప్లాస్టిక్ తొట్లు తీసుకుని వచ్చాడు.

"అన్న ఫోన్ జేసి చెప్పినాడక్కా. రాళ్ళన్నీ తీసి రెండు దినాలు మంచినీళ్ళలో ముంచమన్నాడు. ఒగ పురుగు గూడా మిగలకూడదంట. జరుగు, చేయి పెడతా."

మంచినీళ్ళలో వేస్తే సముద్రపు ప్రాణి ఒక్కటీ మిగలదని మీరే చెప్పారు. పురుగులతో బాటు ఆ రాళ్ళ మీద పాకుతున్న పగడాలూ, నత్తలూ, అన్నీ. నేను తొట్టికి అడ్డం నిలబడ్డాను.

"వద్దు మునికృష్ణా."

"వద్దంటే ఎట్లక్కా? రేపు అన్న నన్నడిగితే యేం జెప్పేది? చేపను తినేసినాయంట గదా!"

"అవి చంపలేదబ్బా. నేను చంపినాను. నెల దినాలు పస్తు పెట్టి చంపినాను."

అత్తమ్మ కుర్చీలోంచి మోకాలు పట్టుకుని లేచి వచ్చింది. మొక్కు సంగతి అప్పుడే, మునికృష్ణ ముందరే చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తొట్టిలోకి వంగి చూసింది.

"మొక్కింది నువ్వు," అనింది. "పస్తుండింది అదా?"

తిట్టి ఉంటే బాగుండేది. మునికృష్ణ ఖాళీ తొట్లు ఎత్తుకుని వెళ్ళిపోయాడు. అత్తమ్మ మధ్యాహ్నం నాకు అన్నం పెట్టి, నేను తినేదాకా ఎదురుగా కూర్చుంది.

రాళ్ళు ఉప్పునీళ్ళలోనే ఉన్నాయి. పురుగులూ అక్కడే ఉన్నాయి. ఇదంతా చదివాక కూడా వాటిని ముంచాలనిపిస్తే మీరు వచ్చి మీ చేత్తో ముంచండి, నేను అడ్డం రాను. మీకోసం మొక్కుకున్నందుకు నాకు పశ్చాత్తాపం లేదు. ఆ చేపను చూస్తూ చూస్తూ ఊరుకున్నందుకు ఉంది.

ఈసారి ఫోను చేసినప్పుడు, అత్తమ్మ పక్కనే ఉన్నా సరే, "పురుగులే తిన్నాయా?" అని మళ్ళీ అడగండి. గట్టిగానే చెబుతాను.

ఇట్లు,
మీ కోపం కోసం ఎదురుచూసే మీ భార్య,
పంకజాక్షి