నంది కొమ్ము మీది వాన

కోయిలకుంట్ల దగ్గరి పల్లె,
ఆగస్టు 5.

కర్నూలు నీటి పరీక్షల ల్యాబు పెద్దలకు మద్దమ్మ నమస్కరించి రాసేది.

నిన్న ఫోను చేసింది నేనే. మీరు మూడుసార్లు గట్టిగా మాట్లాడమన్నారు. నా గొంతు అంతే. అందుకని కాగితం మీద రాస్తున్నాను.

మా ఊరి శివాలయం ముందు ఆరుబయట ఒక నాపరాయి నంది ఉన్నాడు. ఇరవై రెండేళ్లుగా ప్రతి సోమవారం ఆయన్ను కడిగి, బొట్టు పెట్టి, కొమ్ములకు బిగించిన ఇత్తడి తొడుగులు తోమేది నేనే. కొన్నేళ్లుగా స్వామి ముఖం కరిగిపోతోంది. కళ్లు అరిగాయి, ముక్కు చదునైంది. ముఖం లేని దేవుడు ఊరికి మంచిది కాదని గుడి కమిటీ పెద్ద సోమన్న ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర కొత్త నందిని చేయించబోతున్నాడు. కార్తీకంలో పాత ఆయన్ను కుందూ నదిలో దించుతారట.

నేను పదో తరగతి చదివాను. పొగ వల్ల ఆమ్ల వాన కురుస్తుందని, అది రాతిని తింటుందని పుస్తకంలో చదివిన గుర్తు. తప్పు వానదేనని మీరు ముద్ర వేసి కాగితం ఇస్తే, స్వామిని పంపొద్దు, పైన రేకుల కప్పు వేస్తే చాలని కమిటీని బతిమాలుకుంటాను. సోమవారం వానను నంది దగ్గరే భక్తిగా సీసాలో పట్టి ఆర్టీసీ పార్సిల్లో పంపుతున్నాను.

ఇట్లు,
మద్దమ్మ.

తా.క. సీసాను ఏడుసార్లు కడిగాను. గవర్నమెంటు పని కదా అని ఎనిమిదోసారి కూడా కడిగాను.

*

కర్నూలు,
ఆగస్టు 14.

మద్దమ్మ గారికి ల్యాబు అధికారి కృపారాణి నమస్కారాలు.

మీ సీసా చూసి మా ల్యాబంతా లేచి నిలబడింది. నీటి పులుపును మేం అంకెతో కొలుస్తాం. ఏడు అంటే పులుపు లేనట్టు. అంకె తగ్గేకొద్దీ పులుపు పెరుగుతుంది. మంచి వానకు కూడా కాస్త పులుపు ఉంటుంది, ఐదున్నర దగ్గర నిలుస్తుంది. మీ వాన మూడు. సీమలో ఇంత పుల్లని వానను నా ఉద్యోగంలో చూడలేదు.

మీ పుస్తకం చెప్పింది నిజమే. బొగ్గు మండితే గంధకం వాయువు, బండ్ల పొగలో నత్రజని వాయువులు పైకి పోతాయి. మబ్బుల్లో తేమతో కలిసి ఆమ్లాలవుతాయి. గాలి వాటిని వందల మైళ్లు మోసుకుపోతుంది కాబట్టి ఒక ఊరి పొగ ఇంకో ఊరి మీద వానై పడవచ్చు. అలాంటి వానకు ఆకులు మాడతాయి, నేల సారం కొట్టుకుపోతుంది, చెరువుల్లో చేపగుడ్లు పిల్లలు కావు, సున్నపురాయి జాతి రాళ్లు కరుగుతాయి. నాపరాయి ఆ జాతిదే.

మీ చేలు, చేపలు ఎలా ఉన్నాయో చూసి రాయండి. ఇంకో సీసా కూడా పంపండి. ఈసారి చెట్టు, గోడ, విగ్రహం ఏదీ తగలకుండా మిద్దె మధ్యలో గాజు గిన్నె పెట్టి పట్టండి.

మీ శ్రేయస్సు కోరే
కృపారాణి.

తా.క. రెండో పరీక్ష అయ్యేదాకా ఈ సంగతి ఎవరికీ చెప్పకండి.

*

ఆగస్టు 23.

కృపారాణమ్మకు మద్దమ్మ దండాలు.

మీ తా.క. కాగితం వెనకవైపు ఉంది. సోమన్న ముందువైపంతా గుడి మైకులో చదివేశాక నేను వెనక్కి తిప్పాను.

ఇప్పుడు మబ్బు పట్టగానే ఊళ్లో ఆరేసిన బట్టలతో పాటు పిల్లల్ని కూడా లోపలికి లాగుతున్నారు. పరమేష్ యూరియా సంచులు కుట్టి తన బర్రెలకు కప్పాడు. అవి పెళ్లివారిలా తిరుగుతున్నాయి. మా ఎదురింటి జీవమ్మ ఒక్కతే వానలో నోరు తెరిచి నిలబడి, "యాడిది పులుపు? సప్పగా ఉండాది" అని తేల్చి చెప్పింది.

మీరు చెప్పినవన్నీ చూశాను. కంది చేలు పచ్చగా ఉన్నాయి. చెరువులో చేపపిల్లలు ఈదుతున్నాయి. విచిత్రం ఏమిటంటే, నంది వీపు మీద చెక్కిన గంటల పట్టీలో ఒక్క గంట కూడా అరగలేదు. కరిగింది ముఖం ఒక్కటే. వాన కూడా ముఖం చూసి పడుతుందా అమ్మా?

నా పని మాత్రం తలకిందులైంది. రాతిని తినే వానకు రేకులు అడ్డమా అంటాడు సోమన్న. ఇక కార్తీకం దాకా ఆగరట. సెప్టెంబరు పదో తేదీకి క్రేను మాట్లాడారు. ఆయన్ను నిలబెట్టాలని తెప్పించిన కాగితమే సాగనంపుతోంది. మీ జవాబు త్వరగా రావాలి.

మీ
మద్దమ్మ.

తా.క. రెండో సీసా మిద్దె మధ్యలోనే పట్టాను. భయానికి నేను గొడుగు వేసుకున్నాను. గిన్నెకు కూడా పట్టబోయి ఆగాను.

*

సెప్టెంబరు 3.

మద్దమ్మ గారికి కృపారాణి నమస్కరించి,

మీ రెండో సీసా ఆరున్నర దాటింది. పులుపు లేదు. మీ ఊరి వాన మంచిది, బర్రెలకు సంచులు విప్పించండి.

సీసా అడుగున సన్నటి దుమ్ము పేరుకుంది. అది మన సీమ దుమ్ము, సున్నం కలిసిన దుమ్ము. ఎండల్లో చేలల్లోంచి లేచి గాలిలో తేలుతూ ఉంటుంది. పొగ తెచ్చిన పులుపు పైన దానికి ఎదురైతే చాలావరకు నేలకు చేరకముందే విరిగిపోతుంది. దుమ్ము లేని తడి ప్రాంతాలకు ఈ కాపుదల లేదు. పొగ ఇలాగే పెరిగితే మనకూ ఎల్లకాలం చాలదు. నేను క్రైస్తవురాలిని. దేవుడు మనిషిని మంటితో చేశాడని చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఆ మన్నే మన నెత్తి మీద గొడుగు పట్టిందని ఈ వారమే తెలిసింది.

మొదటి సీసా మళ్లీ పరీక్షించాం. అందులో పొగ తెచ్చే ఆమ్లాల జాడ లేదు. ఉన్నది చింతపండు పులుపు. మూడుసార్లు చూశాం, చింతపండే. ఆకాశంలోంచి చింతపండు ఎలా పడిందో మాకు అంతుపట్టలేదు. ఆ నీళ్లు సరిగ్గా ఎక్కడ పట్టారు?

మీ
కృపారాణి.

తా.క. వచ్చే నెల రిటైరయ్యే మా అటెండరు లేవి సీసా వాసన చూసి, "మేడమ్, ఇంగువ తగిలిస్తే ఇది రసమే" అన్నాడు.

*

సెప్టెంబరు 9.

కృపారాణమ్మకు మద్దమ్మ దండాలు పెట్టి రాసేది.

మీ ఉత్తరం అందింది. ఆ నీళ్లు ఎక్కడ పట్టానో చెబుతాను.

ఆకాశం నుంచి నేరుగా పట్టిన నీళ్లకన్నా స్వామిని తాకిన నీళ్లు పవిత్రమని, మొదటి సీసా నంది కొమ్ము కింద పెట్టి పట్టాను. అది సోమవారం. అప్పుడే ఇత్తడి తొడుగులు తోమాను. చింతపండుతో. ఇరవై రెండేళ్లుగా చింతపండుతోనే. ఆ పులుసు కొమ్ము మీంచి నుదుటికి, నుదుటి నుంచి కళ్లకు, ముక్కుకు కారుతూ ఉంటుంది. కొమ్ములు మెరుస్తున్నాయని మురిసేదాన్ని, కింద చూడలేదు.

మా వంటింటి గట్టు కూడా నాపబండే. దాని మీద చింతపండు చుక్క పడితే తెల్ల మచ్చ పడుతుందని వెంటనే తుడుస్తాను. ఆ జాగ్రత్త స్వామి ముఖం మీద లేకపోయింది.

నిన్న కమిటీ ముందుకు వెళ్లి చెప్పాను. సోమన్న చెవి దగ్గర చెయ్యి పెట్టి, "ఏం గొణుగుతాండావు మద్దక్కా, గట్టిగా చెప్పు" అన్నాడు. రెండోసారి చెప్పినా వినపడలేదు. మూడోసారి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"స్వామి ముఖం కరిగించింది వాన కాదు సోమన్నా. నేను."

చింతపండు సంగతి అంతా చెప్పాను. సోమన్న లేచి నంది దగ్గరికి పోయి, వీపు మీది గంటలు ఒక్కొక్కటే తడిమి చూసి వచ్చాడు.

"ఇరవై రెండేండ్లు ముఖాన పులుసు పోసినా ఈయన లేసిపోలేదు గదప్పా. ఇంత ఓర్పు ఉండే దేవుణ్ణి యాడికి పంపేది? క్రేను వాణ్ణి రావొద్దని చెప్పండి" అన్నాడు.

సేవ కూడా నాకే ఉంచారు. చింతపండు మాత్రం ఇంట్లో పెట్టి రమ్మన్నారు.

అమ్మా, వాన పులుపు విరిచేదని మీరు రాసిన ఆ దుమ్మును ప్రతి సోమవారం విసుక్కుంటూ తుడిచేదాన్ని. ఈ పొద్దు నంది వీపు మీద వేలితో కొంచెం తీసుకున్నాను. ఆకాశంలో అంత పని చేసి వచ్చిన దుమ్మును ఎక్కడ విదిలించాలో తెలియలేదు. నుదుట పెట్టుకున్నాను.

మీ
మద్దమ్మ.

తా.క. లేవి గారికి రసం పొడి పంపిస్తున్నాను. పరీక్ష చేయొద్దని చెప్పండి, అందులో చింతపండు ఉందని నేనే ఒప్పుకుంటున్నాను.