కొండపాలెం రాయికి పరీక్ష

కొండపాలెం, పద్మనాభం దగ్గర
4-2-1979

మహారాజశ్రీ రోడ్ల లాబొరేటరీ ఇంజనీరు రత్నరాజు గారికి, కొండపాలెం ప్రెసిడెంటు ఎల్లారావు నమస్కారాలు.

మా కొండ రాయి తారురోడ్డుకి పనికిరాదనీ, దగ్గర్లో మంచి రాయి దొరక్కపోతే మా ఊరి రోడ్డు రద్దవుతుందనీ రాశారు. మేం పంపినప్పుడు రాళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. వాటి మీద పద్నాలుగు కిలోల సుత్తిని పదిహేనుసార్లు పడేశామని మీరే రాశారు. అలా కొడితే ఏది మిగులుతుందండీ? విరగ్గొట్టింది మీరు, ఫెయిలైంది మేమా?

ఇట్లు, ఏమీ అర్థంకాని
ఎల్లారావు

తా.క.: ఇంకో గోతాం పంపుతున్నాను. ఈసారి కాస్త మెల్లిగా కొట్టించండి.

విశాఖపట్నం
12-2-1979

ఎల్లారావు గారికి, రత్నరాజు వందనాలు.

కొట్టడమే పరీక్షండీ. లారీలు తిరిగితే రోడ్డులో రాయి ఎంత నలుగుతుందో ముందే చూస్తాం. నూటికి ముప్పై పాళ్ళకి మించి పొడి కాకూడదు. మీది రెండుసార్లూ నలభై దాటింది. తారు పూసి ఒక రోజు నీళ్ళలో ఉంచితే తారు కూడా ఊడింది. ఇంకొక్కసారి మాత్రం చూడగలను. కొండ లోపలి రాయి తవ్వి పంపండి.

మీ రోడ్డు పడాలని కోరే
రత్నరాజు

తా.క.: దయచేసి రాళ్ళకి పసుపు, కుంకుమ పెట్టకండి. కడగడానికి మాకు ఒక పూట పడుతోంది.

కొండపాలెం
19-2-1979

ఇంజనీరు గారికి నమస్కారాలు.

పరీక్షకి పోతున్నాయి కదా అని మా ఆవిడ జోగమ్మ బొట్టు పెట్టిందండి. మానిపించాను. లోపలి రాయి నేనే తవ్వాను, గోతాం కుట్టి బస్సుకి వేసింది ఆవిడ. ఊళ్ళో ఎవరు కనపడినా "పేసైందేటి బావా?" అనే అడుగుతున్నారు. రోడ్డు రాకపోతే నేను ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగలేను.

మీ జాబు కోసం ఎదురుచూసే
ఎల్లారావు

తా.క.: మా ఇంట్లో రుబ్బురోలు పోయింది. పొత్రం వదిలేసి రోలెత్తుకుపోయే దొంగ ఉంటాడని నాకు ఇప్పటిదాకా తెలీదు.

విశాఖపట్నం
27-2-1979

ఎల్లారావు గారికి, రత్నరాజు శుభాకాంక్షలు.

ఈసారి నూటికి పదకొండే పొడి అయింది. తారు రవ్వంత కూడా ఊడలేదు. సోమవారం పెద్దాఫీసరుతో జీపులో వస్తున్నాం, ఆ రాయి తీసిన చోటు చూపించండి. అక్కడి నుంచి మీ ఊరిదాకా లారీలు నడిచే దారి ముందు వేయిస్తాం.

సంతోషంతో,
రత్నరాజు

తా.క.: ఆరబెట్టడానికి ఓవెన్‌లో పెడితే లాబొరేటరీ అంతా గోంగూర పచ్చడి వాసన. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు.

కొండపాలెం
2-3-1979

రత్నరాజు బాబుకి జోగమ్మ దండాలు. నాను సెప్తంటే పక్కింటి తాయారు రాత్తంది.

మీ ఉత్తరం ఆయన ఇంకా సూడనేదు, పూర్ణా మార్కెట్‌కి ఎల్లాడు. ఆ రాయి ఈ కొండది కాదు బాబూ, మా రుబ్బురోలు. రాళ్ళు కొట్టే గంగాలమ్మ సేత పగలగొట్టించి, గోతాంలో నానే మార్సీసాను. మా నాన్న పెళ్ళికిచ్చిన రోలది. మా కన్నోరి ఊరి కొండ రాయి, ఇక్కడికి మూడు మైళ్ళు. పొలం గట్టు తగువులో ఆయనకీ మా తమ్ముడికీ మాటల్లేవు. ఆ కొండ పేరెత్తితే ఈయన రోడ్డే వొద్దంటాడు. ఆ ఊరికి కాలిదారి ఉండేది, అదీ మూయించీసాడు. మా అమ్మని సూసి తొమ్మిదేళ్ళయింది.

సోమవారం జీపు తిన్నగా మా ఇంటికి తెండి. ఆయన్ని ముందు సీట్లో కూకోబెట్టండి, పెద్దాఫీసరు పక్కనుంటే కాదననేడు. దారి నాను సూపిత్తాను.

ఇట్లు, మీ అప్పలాంటి
జోగమ్మ

తా.క.: ఆ లారీల దారి మా అమ్మ గుమ్మం ముందునించి ఎయ్యండి. అమ్మకి సూపు ఆనదు. లారీ సప్పుడు ఇంటే నాను వత్తన్నానని తెలుత్తాది.