పొడిగా కోసిన రాయి

జొన్నాడ,
ఆగస్టు, 1999.

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ అత్తయ్యగారు, పిల్ల సూర్యకళ క్షేమం. మా తమ్ముడు రాజేంద్ర క్షేమంగా లేడు కాబట్టి అందరం కులాసా అని రాయలేను. మీరు హైదరాబాదులో కులాసాగానే ఉండి ఉంటారు.

మీ ఉత్తరం అందింది. వాడు టీబీ మందులు మింగుతున్నాడా అని అడిగారు. కాకినాడ డాక్టరుగారు ఆపించేశారు. కళ్ళె పరీక్షలో టీబీ లేదని తేలిందట. ఎక్స్‌రే చూసి, "ఏం పని చేసేవాడివి బాబూ?" అన్నారు.

"మా బావగారు మేస్త్రీ అండి, ఆయన దగ్గర గ్రానైటు కోసేవాణ్ణండి."

"నీళ్ళు పోసి కోసేవారా?"

"లేదండి, పొడిగానేనండి. కొత్తగా కట్టే మేడల్లో, తలుపులేసిన గదుల్లోనండి."

రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని, ఈ జబ్బుని సిలికోసిస్ అంటారని, పాడైన చోటు ఇక బాగుపడదని చెప్పారు. పెళ్ళి కావలసినవాడు పెరట్లోంచి అరుగు దాకా రావడానికి గోడ పట్టుకుంటున్నాడు.

బీడీలు మానాడా అని కూడా అడిగారు. వాడెప్పుడు కాల్చాడండీ మానడానికి? ఈ ఇంట్లో సిగరెట్లు కాల్చేది మీరు.

ఆ మాట చదివి వినిపిస్తే వాడు నవ్వబోయాడు. దగ్గు తెర ముంచుకొచ్చింది. అది తగ్గాక చెప్పాడు. "బావగారు గదిలో ఉండేవారు కాదక్కా. కొలత చెప్పి, మిషను ఆన్ చెయ్యగానే వరండాలోకి ఎల్లిపోయేవారు. నీళ్ళు పోసి కోద్దామండీ అంటే, బురద కింద ఫ్లోరుకి దిగిపోద్ది, ఇంజనీరుగారు ఊరుకోరు, రుమాలు కట్టుకోరా అనేవారు."

మీకు తెలియక జరిగిందనుకున్నాను ఇన్నాళ్ళూ. తెలియని మనిషి వరండాలోకి ఎందుకు వెళ్తాడు? "కన్నకొడుకులా చూసుకుంటానత్తయ్యా" అని మా అమ్మ ముందు వాడి భుజం మీద చెయ్యేసి తీసుకెళ్ళారు మీరు.

మీ మనిషి చంద్రరావు కొత్త కుర్రాళ్ళని పంపుతున్నాడని, రాజేంద్ర జబ్బు సంగతి వాళ్ళ దగ్గర ఎత్తవద్దని రాశారు. ఎత్తాను.

మంగళవారం సాయంత్రం రాజేంద్రని ఆటోలో కూర్చోబెట్టుకుని రావులపాలెం బస్టాండుకి వెళ్ళాను. చంద్రరావు కుర్రాళ్ళతో నిలబడి ఉన్నాడు.

"ఏంటమ్మా, ఇలాగొచ్చారు?" అన్నాడు.

నేను కుర్రాళ్ళ వైపు తిరిగాను. "బాబూ, వీడు మా తమ్ముడు. మీరెళ్ళే పనే చేసొచ్చాడు. వీడిది టీబీ కాదు, రాతిపొడి" అని చెప్పాను. రాజేంద్ర కూడా ఏదో చెప్పబోయి, ఊపిరాడక బల్ల మీద కూలబడ్డాడు. వాళ్ళు వాడినే చూస్తూ ఉండిపోయారు.

"కట్టుకున్నోడి నోటికాడ కూడు తీసేస్తారేంటండీ!" అని చంద్రరావు అందరూ వినేలా అరిచాడు.

"మీ మేస్త్రీగారికి రాయండి. నేను కూడా రాస్తాను" అన్నాను.

మన వీధి బుజ్జిబాబు ముందుగా సంచి భుజానికెత్తుకుని ఇంటిదారి పట్టాడు. అతని వెనకే మిగతావాళ్ళు. గణేష్‌బాబు ఒక్కడే, "ఇంట్లో గడవదక్కా" అని తలొంచుకుని బస్సెక్కాడు. ఈపాటికి మీ దగ్గరుంటాడు. వాడిచేత పొడిరాయి కోయించారని తెలిస్తే రాజేంద్రని వెంటబెట్టుకుని లేబరాఫీసు మెట్లెక్కుతాను. మీరు నా భర్త కదా అని వెనక్కి తగ్గను.

దసరాకి వస్తానన్నారు. రండి. మీ పందిరిమంచం వాడికిచ్చాను. పడుకుంటే ఆయాసం వస్తుందని దిళ్ళకి ఆనుకుని కూర్చునే కునుకు తీస్తున్నాడు. మీకు ఆ మంచం పక్కనే చాప వేస్తాను. వాడు ఊపిరి ఎలా లాగుతున్నాడో దగ్గరుండి వినండి. ఈసారి వరండాలోకి వెళ్ళనివ్వను.

ఇట్లు,
రాజేంద్ర అక్క,
వెంకటదుర్గ.