నాలుగువందల పన్నెండో ప్లేటు

ప్రియమైన బాబాయికి,

నీ గోరింక రాస్తున్నది. ఇన్నేళ్ల తర్వాత ఇదెక్కడి ఉత్తరం అనుకుంటావని తెలుసు. నాన్న పోయినప్పుడు నువ్వు రాలేదు. అమ్మ బాధపడింది. నేను పడలేదని అబద్ధం చెప్పను.

చిత్రశాల వాళ్లు నాన్న పేరుతో ఒక గది తెరుస్తున్నారు. బొమ్మలు, ఉత్తరాలు, రంగుల డబ్బాలు, ఆఖరికి ఆయన అరిగిపోయిన చెప్పులు కూడా బీరువాలో పెడతారట. ఫోటోలకు వివరాలు రాసే పని నా నెత్తిన పడింది. నూట అరవై ఫోటోలు, అన్నీ నీ స్టూడియోవే. వెనక్కి తిప్పితే పెన్సిలుతో వేసిన నంబరు తప్ప ఏమీ లేదు. ఏ సంవత్సరమో, నాన్న పక్కన నిలబడ్డది ఎవరో ఎవరికీ తెలియదు. ఆ నంబర్లకు లెక్క నీ రిజిస్టరులో ఉంటుందని అమ్మ చెప్పింది.

ఒక్క నెల ఆ రిజిస్టరు ఇస్తే జాగ్రత్తగా వాడుకుని తిరిగి పంపేస్తాను. చిత్రశాల గుమాస్తా ప్రతి ఫోటో కిందా 'తీసినవారు తెలియదు' అని టైపు చేసి పెట్టాడు. అది చూస్తే నాకే తల కొట్టేసినట్టయింది.

నీ జవాబు కోసం చూస్తూ,
గోరింక

*

ప్రియమైన గోరింకకి,

కవరు మీద దస్తూరీ చూసి మీ నాన్నే రాశాడనుకుని ఉలిక్కిపడ్డాను. అదే వాలు, అదే తొందర.

తీసినవారు తెలియదా? బాగుంది. ఒకచోట కుదురుగా కూర్చోని మనిషిని పట్టి కూర్చోబెట్టి, ముక్కుకు అంటిన రంగు నా చేతిరుమాలుతో తుడిచి, 'ఒక్క క్షణం ఊపిరి బిగబట్టు అన్నయ్యా' అని ఇరవై ఏళ్లు బతిమాలినవాణ్ని నేను. అయినా పోనీలే.

రిజిస్టరు నా మంచం కింద ట్రంకుపెట్టెలో ఉంది. ఇస్తాను గానీ ఊరికే ఇవ్వను.

మీ పిన్ని చనిపోయిన ఏడాదే స్టూడియో మూసేసి వేరే ఊళ్లో ఒకరి దగ్గర పనికి కుదిరాను. నా అద్దెగది గోడలకు చెమ్మ. అందుకని నా ఫోటోల నెగటివులు, ఆ గాజు ప్లేట్లన్నీ నాలుగు చెక్కపెట్టెల్లో సర్ది మీ నాన్నకి అప్పగించాను. వాటిలో 412 మీ పిన్నిది. మా పెళ్లికి ఫోటోలు లేవు, తీసేవాణ్ని పెళ్లికొడుకునై కూర్చున్నాను కదా. పెళ్లయిన ఎనిమిదేళ్లకు ఒక్కసారి ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టి ఒక ప్లేటు తీశాను. ఊళ్లోవాళ్ల బొమ్మలన్నీ వేళకి అందించాను గానీ దానికి మాత్రం ప్రింటు వెయ్యలేదు. ఇంటిమనిషిదే కదా, రేపు వేద్దాంలే అనుకునేవాణ్ని. ఆమె కూడా 'ముందు బయటివాళ్లవి చూడండి, నేనెక్కడికి పోతాను' అనేది. పోయింది.

కొన్నాళ్లు ఆ ప్లేటు చూసే ధైర్యం లేకపోయింది. ధైర్యం వచ్చాక మీ నాన్నని అడిగాను. 'పైన ఎక్కడో ఉన్నాయిరా, వెతుకుతాను' అన్నాడు. పదిహేనేళ్లు వెతికాడు. ఇక అడగడం మానేశాను, మీ గడప తొక్కడమూ మానేశాను. ఇప్పుడు ఆమె గొంతు గుర్తుంది గానీ ముఖం జారిపోతోంది. కళ్లు అందితే నోరు అందదు.

412 పంపు. మర్నాడే రిజిస్టరు పంపుతాను.

మొండివాడు,
నీ బాబాయి

*

ప్రియమైన బాబాయికి,

మూడు రోజులు పైగది జల్లెడ పట్టాను. నాలుగు పెట్టెలూ దొరికాయి. ప్లేట్లు నిలబెట్టే గాడుల్లో నాన్న కుంచెలున్నాయి. ప్లేట్లు లేవు, ఒక్కటంటే ఒక్కటి కూడా. అమ్మని అడిగితే 'మీ నాన్న సామాన్ల జోలికి నేనెప్పుడు వెళ్లాను' అని ముఖం తిప్పుకుంది.

కోప్పడకు. ఎవరో ఎత్తుకుపోయి ఉంటారు. తమ్ముడి వస్తువు పారేసే మనిషి కాదు నాన్న. నువ్వు రావడం మానేశాక కూడా అన్నానికి కూర్చుంటే నీ మాటే.

నీ మనసు కాస్త తేలికపడుతుందని ఒక ఫోటో పంపుతున్నాను. ఇది నీది కాదు, పత్రికవాళ్లు తీశారు. నాన్న తొలి ప్రదర్శనకు ముందురోజు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ ఏడు ఎక్కడా అద్దాలు దొరక్క ఫ్రేములు కట్టేవాళ్లు చేతులెత్తేస్తే, నాన్న ఎక్కణ్నుంచో ముప్ఫై పాత అద్దాలు సంపాదించాడు. వేడినీళ్లలో బట్టల సోడా కలిపి నేనే కడిగాను. చేతులు పొక్కిపోయాయి. 'మా గోరింక లేకపోతే ఈ ప్రదర్శనే లేదు' అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. అంత మంచి మాట నాకు మళ్లీ ఎవరి నోటా దొరకలేదు. ఈ ఫోటోనే పెద్దది చేసి గది గుమ్మంలో పెడుతున్నారు.

ఆ ముప్ఫై బొమ్మలూ ఒకే కొలత, పది అంగుళాలకు పన్నెండు. అంత చిన్న కొలతకు కట్టుబడిన ఆయన నిగ్రహం మీద ఒక పండితుడు ఏకంగా పుస్తకమే రాశాడు, తెలుసా?

రిజిస్టరు సంగతి మరొక్కసారి ఆలోచించు బాబాయ్.

మొండితనంలో నీకు తీసిపోని
గోరింక

*

గోరింకకి,

ఫోటో అందింది. పాత పనివాడి అలవాటు, భూతద్దం పెట్టి చూశాను. మోచేతుల దాకా తడిసి ముద్దగా ఉన్నావు. నీ వెనక మీ నాన్న ఒక అద్దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. పైసగం శుభ్రంగా ఉంది. కిందిసగం చూడు. మురికి అనుకుంటావు. మురికి కాదు. వరసగా కూర్చున్న నలుగురి మోకాళ్లు, ఒక కుర్చీ కాళ్లు. సింహం పాదాలు చెక్కిన ఆ కుర్చీ ఈ లోకంలో నా స్టూడియోలో తప్ప ఇంకెక్కడా లేదు.

నా ప్లేట్ల కొలత ఎంతో ఎప్పుడైనా అడిగావా? పది అంగుళాలకు పన్నెండు.

తడికి ప్లేటు మీద బొమ్మ నిలిచే పూత ఊడితే నంబరు కూడా పోతోందని, నేను గాజు కోసే వజ్రపు మొనతో గాజు మీదే నంబరు గీసేవాణ్ని. కుడివైపు కింది మూల. నీ సోడాకి పూత పోతుంది, గీత పోదు. ఫ్రేములు విప్పించు. చూసేదాకా నాకేమీ రాయకు.

బాబాయి

*

ప్రియమైన బాబాయికి,

'ప్రియమైన' అన్న మాట రాయడానికి ఇవాళ నాకు చెయ్యి రావడం లేదు. అయినా రాస్తున్నాను.

ముప్ఫై ఫ్రేములూ విప్పించాను. ఫ్రేము అంచు కింద, నువ్వు చెప్పిన మూలలోనే, అన్నిటికీ నంబర్లున్నాయి. వేలితో తడిమితే తగులుతున్నాయి. మిగతా ప్లేట్లు ఆ తర్వాత అమ్ముడుపోయిన బొమ్మలకు అద్దాలై పోయి ఉంటాయి. 412 నాన్న స్వీయచిత్రం మీద ఉంది, అందరూ మెచ్చుకునే ఆ బొమ్మ మీద. గాజు చుక్క మరక లేకుండా ఉంది. అంత బాగా కడిగాను.

నీకు ఇంకొకటి చెప్పాలి. చెప్పకపోతే నీకు తెలియదు, అందుకే చెప్పాలి. కడుగుతుండగా ఒక అద్దంలో ఒక ఆడమనిషి కనిపించింది. జుట్టు తెల్లగా, ముఖం నల్లగా ఉంటే జడుసుకుని 'నాన్నా, ఇందులో ఎవరో ఉన్నారు' అన్నాను. ఆయన దాన్ని తీసుకుని కిటికీ దగ్గర చాలాసేపు చూశాడు. తర్వాత నా చేతికిచ్చి 'ఎవరూ లేరమ్మా, గట్టిగా రుద్దు' అన్నాడు. రుద్దాను. ఇన్నేళ్లూ అది జ్ఞాపకమే లేదు నాకు. 412 మీద వేలు పెట్టగానే ఆ సోడా వాసనతో సహా వచ్చింది.

నాన్న మీద అసహ్యం పుడుతోంది బాబాయ్. నా పొక్కిన చేతుల మీద కూడా. చిత్రశాల పెద్దాయన మాత్రం 'పాత గొడవలు ఇప్పుడెందుకు, ఫ్రేములు బిగించెయ్యండి' అంటున్నాడు. బిగించలేదు. 412 నీకు పంపమంటావా? నేనేం చెయ్యాలో చెప్పు. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు.

గోరింక

*

ప్రియమైన గోరింకకి,

రిజిస్టరు ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. ఇచ్చిన మాట నిలుపుకోవడం మా ఇద్దరన్నదమ్ముల్లో ఒక్కడికైనా ఉండాలి.

నీ మీద నాకు కోపం లేదు. తొమ్మిదేళ్ల పిల్లవి, తండ్రి రుద్దమంటే రుద్దావు. కోపమంతా వాడి మీదే. వాడేమో ఎంచక్కా పోయాడు, ఇప్పుడు దీన్ని ఎవరి మీద తీర్చుకోను? ముప్ఫై అద్దాల్లో ఆ ఒక్కదాన్నే తన ముఖానికి ఎందుకు పెట్టుకున్నాడా అని నాలుగు రోజులు ఆలోచించాను. సిగ్గుతోనా, చేతికందిందనా? ఏదైనా నాకు ఒరిగేదేమీ లేదు. అద్దాలు దొరకడం లేదురా అని ఒక్క ముక్క రాస్తే, ఆ ఒక్కటీ తీసుకుని మిగతావన్నీ నేనే కడిగి ఇచ్చేవాణ్ని. ఆ సంగతి వాడికీ తెలుసు. అదే నేను క్షమించలేనిది.

412 పంపకు. ఒట్టి గాజు నాకెందుకు, నా కిటికీకి ఉంది. ఉన్నచోటే బిగించు. మీ నాన్న ముఖం చూడాలనుకున్నవాళ్లు ఇక మీ పిన్నిని దాటే చూడాలి. దాని కింద ఒక చీటీ మాత్రం పెట్టించు. 'ఈ అద్దం ఒక ఫోటో. తీసినవాడు తమ్ముడు. చెరిపినవాడు అన్న.' పెద్దాయన ఒప్పుకోకపోతే రిజిస్టరు నాకు తిప్పి పంపు, నూట అరవై ఫోటోల కిందా 'తెలియదు' అనే ఉంచుకోమను. నీ పేరు మాత్రం ఆ చీటీలో ఎక్కడా రాకూడదు.

రిజిస్టరులో 412 వరస నువ్వు చూస్తావు. ఎవరిది అన్న గడిలో 'మా ఆవిడ' అని, ప్రింటు ఎప్పుడు అన్న గడిలో 'రేపు' అని రాసి ఉంటుంది. నా దస్తూరీయే. దాన్ని ఎవరూ దిద్దకుండా చూడు.

నీ బాబాయి