రెండు మెట్ల గీత

అన్నయ్యకు,

నమస్కారాలు. అమ్మ మోకాళ్లతో సహా ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. వదిన, పిల్లలు కులాసా అని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. "రంగుమందు చుక్కలేసి క్షారం పోస్తే గులాబీ రంగు వచ్చింది, పులుపు శాతం సరిపోయింది, నా వెనిగర్ ట్యాంకర్‌ని మీ ల్యాబ్ వాళ్లు ఎందుకాపారు? నువ్వక్కడుండి ఏం లాభం?" అని దులిపేశావు. నిజమే, రంగు వచ్చింది. కానీ అది మొత్తం యాసిడ్ ఎంతుందో చెబుతుంది గానీ, ఏ యాసిడో చెప్పదు. అందుకే మేం క్షారాన్ని కొద్దికొద్దిగా వదులుతూ, ప్రతిసారీ పీహెచ్ కొలిచి గీత గీస్తాం. మంచి వెనిగర్ గీత చాలాసేపు బద్ధకంగా పాకి, చివర్న ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఒకటే మెట్టు. నీ ట్యాంకర్‌ది మొదలవడమే బాగా కిందనుంచి మొదలైంది. మధ్యలో ఓ చిన్న మెట్టు, ఆ తర్వాత అసలు మెట్టు.

మీటరు చెడిందేమోనని ఎలక్ట్రోడ్ కడిగి మళ్లీ చేశాను. క్షారం వదిలే గాజు గొట్టం, బ్యూరెట్, మార్చాను. వేరే ఫ్యాక్టరీ వెనిగర్ పెడితే ఒకటే మెట్టు, నీది పెడితే మళ్లీ రెండు! దేవుడా, ఈ ఒక్కసారికి నాదే తప్పు కానీ అని మొక్కుకున్నాను. ఆ చిన్న మెట్టు బ్యాటరీల్లో పోసేలాంటి ఘాటు యాసిడ్‌ది అన్నయ్యా. నీళ్లు కలపడంతో పలచబడ్డ వెనిగర్‌కి పులుపు తెప్పించడానికి పోశారు. ఈ లోడు పోయేది ఆసుపత్రి వంటగదికి.

నువ్వే పోశావా, నీ కళ్లుగప్పి ఎవరైనా పోశారా? అడగాలంటేనే భయంగా ఉంది.

ఇంతసేపూ నాన్చాను. ఆపింది ల్యాబ్ వాళ్లు కాదు, నేనే. కాగితం మీద సంతకం నాది. "ఈ ట్యాంకర్‌ని నింపిన ఫ్యాక్టరీ ట్యాంకు ఎవరి చేతికింద ఉంది?" అని ఆఫీసరు అడిగితే "మా అన్నయ్య" అన్నాను. తర్వాత బాత్రూంలోకెళ్లి ఏడ్చాను.

రేపు పొద్దున్నే ఆ ఆఫీసరు వాళ్లు మీ ట్యాంకులోంచి నమూనా తీయడానికి నీ దగ్గరికి వస్తున్నారు. ముందుగా చెబితే నా ఉద్యోగానికే ఎసరు, అయినా మనసొప్పలేదు. ఫోన్లో నీ గొంతు వింటే మెత్తబడిపోతానని, బస్సులో ఇంటికి పోతున్న మీ ట్యాంకర్ డ్రైవరు చేతికి, ఈ రాత్రికే నీకందేలా ఈ ఉత్తరమిస్తున్నాను. అతనికి ఇవేమీ తెలియవు.

నువ్వు వాల్వు తిప్పితే వాళ్లొచ్చేలోగా ఫ్యాక్టరీ ట్యాంకు ఖాళీ అయిపోతుంది. అప్పుడు అక్కడ రుజువు మిగలదు, యాసిడ్ దారిలోనే కలిసిందంటారు. నువ్వు బయటపడతావు, డ్రైవరు ఇరుక్కుంటాడు. జవాబు తీసుకునే కదలమని అతనికి చెప్పాను. నీ ఎదురుగానే నిలబడి ఉంటాడు. ఒక్కసారి తలెత్తి అతని మొహం చూడు.

ఇట్లు,
నువ్వు ఛీ కొట్టినా
నీ చెల్లెలు